నేటివ్ లైబ్రరీని అసెంబ్లీలో పొదగాలా, పక్కన ఉంచాలా?

సీ లేదా సీ++ లైబ్రరీ మీద డాట్‌నెట్‌లో రేపర్ (ఆ లైబ్రరీని డాట్‌నెట్ నుంచి పిలవడానికి వీలిచ్చే పైపొర కోడ్) రాసినవారెవరికైనా, పని పూర్తయ్యే వేళకు ఒక కోరిక పుడుతుంది: ఇదంతా ఒకే ఒక్క డీఎల్ఎల్‌గా చేతిలో పెట్టగలిగితే బాగుండును అని. అప్పుడు వాడుకునేవారు ఒక రెఫరెన్స్ చేర్చుకుంటే సరిపోతుంది. పక్కన ఇంకో ఫైలు కాపీ అయిందా, అయితే అది 32 బిట్‌దా 64 బిట్‌దా అనే గొడవ వారికి ఉండదు. కోరికలో తప్పేమీ లేదు. అయితే దాన్ని తీర్చే దారులు అరడజనుకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని పేరుకే ‘లోపల పెట్టడం’, కొన్ని నిజంగానే లోపల పెడతాయి, ఒకదాని జోలికి మాత్రం పోకపోవడమే మేలు. ఎవరికి ఏది తగుతుందో తేల్చుకోవడానికి ముందు ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి సంగతి ఏమిటో చూడాలి.

విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, లినక్స్‌లోనూ మాక్‌ఓఎస్‌లోనూ డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్లు నేటివ్ కోడ్‌ను, అంటే ప్రాసెసర్ నేరుగా నడిపే మెషిన్ కోడ్‌ను, మెమొరీలోకి తెస్తాయి. రెండూ అడిగేది ఫైలు పేరునే. చేతిలో ఉన్న బైట్ల అరేను ఇచ్చి ‘దీన్ని లోడ్ చేయి’ అనడానికి వాటిలో వీలు లేదు. మేనేజ్డ్ అసెంబ్లీ, అంటే డాట్‌నెట్ కంపైలర్ తయారుచేసే ఫైలు సంగతి వేరు. దానిలోని ఐఎల్ (మధ్యస్థ భాష) కోడ్‌ను చదివి మెషిన్ కోడ్‌గా మార్చేది డాట్‌నెట్ రన్‌టైమే కాబట్టి, అసెంబ్లీ.లోడ్‌కు బైట్ల అరే ఇచ్చినా అది పని కానిస్తుంది. నేటివ్ ఫైలు విషయంలో పేజీలకు అనుమతులు పెట్టడం, అడ్రసులు సరిదిద్దడం, అది కోరే ఇతర లైబ్రరీలను వెతికి తేవడం అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ లోడర్ చేతిలో ఉంటాయి, ఆ లోడర్‌కు డిస్కు మీద ఒక ఫైలు కావాలి. అంటే మనం రిసోర్స్‌గా పొదిగినంత మాత్రాన ఆ ఫైలు అవసరం తీరిపోదు. దాన్ని డిస్కు మీద రాసే పని మాత్రం వాయిదా పడుతుంది. కనుక అసలు ప్రశ్న ‘లోపలా, బయటా’ అన్నది కాదు, ఆ ఫైలును డిస్కు మీద ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు అన్నది. బిల్డ్ సమయంలో ప్యాకేజీ మేనేజర్ పెట్టవచ్చు, పబ్లిష్ సమయంలో ఎస్‌డీకే (డాట్‌నెట్ బిల్డ్ సాధనాల సముదాయం) పెట్టవచ్చు, ఇన్‌స్టాలర్ పెట్టవచ్చు, లేదా ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మన కోడే పెట్టవచ్చు. ఈ వరుసలో ఎంత ముందుగా పెట్టగలిగితే అంత తక్కువ తలనొప్పి అన్నది నా అనుభవం.

న్యూగెట్ ప్యాకేజీలో పక్కన ఉంచడం

డాట్‌నెట్ ప్యాకేజీ మేనేజర్ అయిన న్యూగెట్ ద్వారా లైబ్రరీని ఇతర డెవలపర్లకు ఇచ్చేవారు మొదట ఆలోచించవలసిన దారి ఇదే. ప్యాకేజీలో రన్‌టైమ్స్ అనే ఫోల్డర్, దానిలో ప్రతి ప్లాట్‌ఫామ్‌కు ఒక ఫోల్డర్ (విన్-ఎక్స్64, లినక్స్-ఎక్స్64, లినక్స్-మసల్-ఎక్స్64, ఓఎస్ఎక్స్-ఆర్మ్64 వంటి రన్‌టైమ్ ఐడెంటిఫయర్ల పేర్లతో), దానిలో నేటివ్ అనే ఫోల్డర్, అందులో అసలు ఫైలు ఉంటాయి. బిల్డ్ అయినప్పుడు ఈ వివరాలు డెప్స్.జేసన్ అనే, ప్రోగ్రామ్‌కు కావలసిన ఫైళ్ల జాబితా ఉండే ఫైలులోకి ఎక్కుతాయి, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు రన్‌టైమ్ దాన్ని చదివి, డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌లో (నేటివ్ ఫంక్షన్‌ను పిలవడానికి కోడ్‌లో చేసే ప్రకటనలో) రాసిన పేరుకు సరిపడే ఫైలును తానే వెతుక్కుంటుంది. లినక్స్‌లో ముందు ‘లిబ్’, చివర ‘.ఎస్‌ఓ’ చేర్చి చూడడం కూడా అదే చేస్తుంది కాబట్టి, కోడ్‌లో మూడు ప్లాట్‌ఫామ్‌లకూ ఒకే పేరు సరిపోతుంది. స్కియాషార్ప్, లిబ్‌గిట్2షార్ప్ వంటి పేరున్న రేపర్లు నేటివ్ ఫైళ్లను విడి ప్యాకేజీలుగా ఇస్తాయి. రేపర్ కోడ్ మారినప్పుడల్లా అన్ని ప్లాట్‌ఫామ్‌ల బైనరీలను మళ్లీ దించుకోనక్కరలేదు గనుక ఇది తెలివైన పద్ధతి.

ప్లాట్‌ఫామ్ పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. డాట్‌నెట్ 8 నుంచి రన్‌టైమ్ సాధారణ ఐడెంటిఫయర్లనే చూస్తుంది. ఉబుంటు ఫలానా వెర్షన్ అంటూ డిస్ట్రిబ్యూషన్ పేరుతో పెట్టిన పాత ఫోల్డర్లను అది మామూలుగా పట్టించుకోదు. అలాగే జీలిబ్‌సీ మీద కట్టిన బైనరీ, మసల్ (ఈ రెండూ లినక్స్‌లో వాడే సీ లైబ్రరీలు) వాడే ఆల్పైన్ కంటైనర్‌లో లోడ్ కాకపోవడం సర్వసాధారణం, కాబట్టి కంటైనర్లలో వాడే లైబ్రరీకి మసల్ మీద కట్టిన బిల్డ్ కూడా ఇవ్వాలి.

ఈ దారికి మూడు చోట్ల చిక్కులున్నాయి. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌కు డెప్స్.జేసన్ అనేదే తెలియదు, అందుచేత ఫైలును అవుట్‌పుట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసే టార్గెట్స్ ఫైలును ప్యాకేజీలో మనమే రాసి పెట్టాలి. రెండవది, ఈ ఫోల్డర్ల అమరిక ప్యాకేజీ రెఫరెన్స్‌కే వర్తిస్తుంది. అదే సొల్యూషన్‌లో ప్రాజెక్ట్ రెఫరెన్స్‌గా పెట్టుకుంటే నేటివ్ ఫైలు దానంతటది వెంట రాదు, దాన్ని కంటెంట్‌గా కాపీ అయ్యేలా విడిగా చెప్పుకోవాలి. మూడవది ప్లగిన్‌లు: ఇంకెవరో రాసిన హోస్ట్ ప్రోగ్రామ్ మన అసెంబ్లీని దాని దారిన అది లోడ్ చేసుకుంటే, మన డెప్స్.జేసన్‌ను చదివేవారు ఉండరు. హోస్ట్ కూడా మనదే అయితే, డాట్‌నెట్ కోర్ 3.0 (2019) నుంచి ఉన్న అసెంబ్లీడిపెండెన్సీరిజాల్వర్ క్లాసును వాడి ఈ లోటు తీర్చుకోవచ్చు. హోస్ట్ మనది కాకపోతేనే అసలు సమస్య, దాని సంగతి ముందు ముందు వస్తుంది.

పబ్లిష్ చేసేటప్పుడు ఒకే ఫైలుగా కట్టడం

మీరు ఇచ్చేది లైబ్రరీ కాకుండా పూర్తి అప్లికేషన్ అయితే, సొంతంగా ఏ ఏర్పాటూ చేయనక్కరలేదు. ఎస్‌డీకేలోని పబ్లిష్‌సింగిల్‌ఫైల్ అనే సెట్టింగ్ చాలు. డాట్‌నెట్ కోర్ 3.0లో ఇది వచ్చినప్పుడు మొదటిసారి నడిపిన వెంటనే అన్ని ఫైళ్లనూ ఒక ఫోల్డర్‌లోకి విప్పేది. 2020లో వచ్చిన డాట్‌నెట్ 5 నుంచి మేనేజ్డ్ అసెంబ్లీలు బండిల్‌లో నుంచే నేరుగా మెమొరీలోకి వెళ్తున్నాయి, కానీ నేటివ్ లైబ్రరీలు ఆ భాగ్యానికి నోచుకోలేదు. పైన చెప్పుకున్న లోడర్ నియమమే దీనికి కారణం. మామూలుగా అయితే అవి ఎగ్జిక్యూటబుల్ పక్కనే విడి ఫైళ్లుగా మిగులుతాయి. ఇన్‌క్లూడ్‌నేటివ్‌లైబ్రరీస్‌ఫర్‌సెల్ఫ్‌ఎక్స్‌ట్రాక్ట్ అనే పొడుగు పేరు సెట్టింగ్‌ను ఆన్ చేస్తే బండిల్‌లో చేరి, నడిచేటప్పుడు డిస్కు మీదికి విప్పబడతాయి. ఆ విప్పే చోటును డాట్‌నెట్_బండిల్_ఎక్స్‌ట్రాక్ట్_బేస్_డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో మార్చుకోవచ్చు. సర్వీసు అకౌంట్ కింద నడిచే ప్రోగ్రామ్‌లకు హోమ్ ఫోల్డర్ ఉండకపోవచ్చు కాబట్టి అక్కడ ఈ వేరియబుల్ గుర్తుండడం మంచిది.

అసెంబ్లీ.లొకేషన్ నుంచి ఫోల్డర్ పేరు తీసుకొని నేటివ్ ఫైలును వెతికే పాత కోడ్ ఎక్కడైనా ఉంటే ఈ పద్ధతిలో అది చతికిలబడుతుంది, ఎందుకంటే బండిల్‌లోని అసెంబ్లీకి లొకేషన్ ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. దాని బదులు యాప్‌కాంటెక్స్ట్.బేస్‌డైరెక్టరీ వాడాలి.

రిసోర్స్‌గా పొదిగి, నడిచేటప్పుడు విప్పుకోవడం

చాలామంది మనసులో ‘అసెంబ్లీలో బండిల్ చేయడం’ అంటే ఇదే. నేటివ్ ఫైలును ఎంబెడెడ్ రిసోర్స్‌గా చేర్చి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గెట్‌మ్యానిఫెస్ట్‌రిసోర్స్‌స్ట్రీమ్‌తో చదివి, ఒక ఫోల్డర్‌లో రాసి, అక్కడి నుంచి లోడ్ చేయడం. పది పదిహేను లైన్లలో అయిపోయే పనిలాగా కనిపిస్తుంది, నేనూ మొదటిసారి పదిహేను లైన్లలోనే ముగించాను. ఆ కోడ్ ‘ఫైలు ఉందా, ఉంటే లోడ్ చేయి, లేకపోతే రాసి లోడ్ చేయి’ అనేది. ఒక మెషిన్‌లో మొదటిసారి నడిచినప్పుడు, రాయడం సగంలో ఉండగా ఎవరో ప్రాసెస్‌ను ఆపేశారు. సగం ఫైలు అక్కడే మిగిలింది. ఆ తరువాత ప్రతిసారీ ‘ఫైలు ఉంది’ అనే పరీక్ష నెగ్గేది, లోడ్ చేయబోతే బ్యాడ్‌ఇమేజ్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ వచ్చేది. ఆ ఎక్సెప్షన్ చూడగానే అందరూ అనుమానించేది 32, 64 బిట్ల తేడానే కాబట్టి, మేమూ రెండు రోజులు ఆ తేడా కోసమే వెతికాం. చివరకు ఫైలు సైజు చూస్తే బండారం బయటపడింది.

అందుచేత ఈ దారి పట్టేవారు విప్పే కోడ్‌ను ఒక చిన్న ఇన్‌స్టాలర్ అనుకొని రాయాలి. ముందుగా ఏ ఫైలు కావాలో తేల్చడానికి ప్రాసెస్ ఆర్కిటెక్చర్‌ను అడగాలి, ఆపరేటింగ్ సిస్టమ్ ఆర్కిటెక్చర్‌ను కాదు. ఆర్మ్64 విండోస్ మీద ఎక్స్64 ప్రాసెస్ ఎమ్యులేషన్‌లో నడుస్తుంటే దానికి కావలసింది ఎక్స్64 లైబ్రరీయే. రాసే ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబరు కంటే ఫైలులోని బైట్ల షా-256 హ్యాష్ (ఆ బైట్ల నుంచి లెక్కగట్టిన వేలిముద్ర వంటిది) ఉండడం నయం, ఎందుకంటే వెర్షన్ మార్చడం మరచిపోయి మళ్లీ బిల్డ్ చేసిన రోజున పాత ఫైలు నిశ్శబ్దంగా లోడ్ అయ్యే ప్రమాదం ఉండదు. ఫైలును నేరుగా అసలు పేరుతో రాయకుండా, అదే ఫోల్డర్‌లో ఏదో యాదృచ్ఛికమైన పేరుతో పూర్తిగా రాసి, మూసి, ఆ తరువాత అసలు పేరుకు రీనేమ్ చేయాలి. రీనేమ్ చేయబోయేసరికి ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే, మనకంటే ముందు వేరే ప్రాసెస్ ఆ పని చేసిందన్నమాట. మన కాపీని చెరిపేసి దాన్నే వాడుకోవాలి. ఇలా చేస్తే ఒకేసారి మొదలైన రెండు ప్రాసెస్‌ల పోటీ, సగంలో ఆగిన రాత రెండూ ఒకే దెబ్బతో తీరుతాయి.

ఎక్కడ రాయాలన్నది ఇంతకంటే సున్నితమైన విషయం. అందరూ రాయగలిగే తాత్కాలిక ఫోల్డర్‌లో, ముందే ఊహించదగిన పేరుతో ఫైలు పెట్టడమంటే, అదే పేరుతో తన ఫైలును ముందుగా పెట్టమని దుండగుడిని పిలవడమే. ఉన్న ఫైలును లోడ్ చేసే ముందు హ్యాష్ సరిచూడాలి, అది చాలదు, సరిచూడడానికీ లోడ్ చేయడానికీ మధ్య ఫైలును మార్చే వీలు లేకుండా ఫోల్డర్ ఆ యూజర్‌కు మాత్రమే చెందినదై ఉండాలి; లినక్స్‌లో 0700 అనుమతితో, విండోస్‌లో లోకల్ యాప్ డేటా కింద అని చెప్పుకోవచ్చు. లినక్స్ సర్వర్లలో తాత్కాలిక ఫోల్డర్‌ను నోఎగ్జెక్‌తో (అక్కడి ఫైళ్లలోని కోడ్‌ను నడవనివ్వని ఆప్షన్‌తో) మౌంట్ చేసే అలవాటు ఉంది, అక్కడ ఫైలు రాయడం చక్కగా జరుగుతుంది కానీ డీఎల్‌ఓపెన్ విఫలమవుతుంది. చదవడానికి మాత్రమే అనుమతించే ఫైల్ సిస్టమ్‌తో నడిచే కంటైనర్‌లో రాయడమే కుదరదు. విండోస్‌లో యాప్‌లాకర్ వంటి విధానాలు యూజర్ రాయగలిగే ఫోల్డర్ల నుంచి డీఎల్ఎల్‌లు లోడ్ కాకుండా ఆపగలవు. ఒక ప్రోగ్రామ్ తన కడుపులో నుంచి డీఎల్ఎల్ తీసి డిస్కు మీద పెట్టి లోడ్ చేసుకోవడం మాల్వేర్ ప్రవర్తనను పోలి ఉంటుంది కాబట్టి, యాంటీవైరస్‌లు అనుమానిస్తే వాటిని తప్పు పట్టలేం. బయటి అసెంబ్లీకి ఉన్న డిజిటల్ సంతకం విప్పిన ఫైలుకు రాదు. పొదగడానికి ముందే నేటివ్ ఫైలుకు విడిగా సంతకం చేయాలి. యాపిల్ సిలికాన్ మాక్‌లలో సంతకం లేని నేటివ్ కోడ్ అసలు నడవదు.

ఇక విప్పిన ఫైలును డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌కు అందించడం. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి నేటివ్‌లైబ్రరీ క్లాసులోని సెట్‌డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌రిజాల్వర్ ఉంది; ఏ పేరుకు ఏ ఫైలును లోడ్ చేయాలో తేల్చే మన ఫంక్షన్‌ను (రిజాల్వర్‌ను) అది అమరుస్తుంది. దాన్ని ఒక అసెంబ్లీకి ఒక్కసారే అమర్చగలం, కాబట్టి సీ# 9లో వచ్చిన మాడ్యూల్ ఇనిషియలైజర్‌లో (అసెంబ్లీలోని మిగతా కోడ్‌కంటే ముందు నడిచే మెథడ్‌లో) అమర్చడం తగినది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఆ సౌకర్యం లేదు గనుక, మొదటి నేటివ్ కాల్‌కు ముందే పూర్తి పాత్‌తో లోడ్‌లైబ్రరీని పిలవాలి. అదే పేరుతో ఉన్న మాడ్యూల్ అప్పటికే ప్రాసెస్‌లో ఉంటే విండోస్ దాన్నే తిరిగి ఇస్తుంది. నేటివ్ లైబ్రరీ మరో నేటివ్ లైబ్రరీ మీద ఆధారపడితే రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో విప్పి, విండోస్‌లో ఆధారమైనదాన్ని ముందు లోడ్ చేయాలి, లినక్స్‌లో బిల్డ్ సమయంలోనే ఆర్‌పాత్‌కు (లైబ్రరీలను వెతికే పాత్‌కు) $ఆరిజిన్, అంటే ఆ ఫైలున్న ఫోల్డరే, అని పెట్టుకోవాలి. డీఎల్ఎల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ మన ఫైలు పేరునే చూపిస్తూ వచ్చినా, దొరకనిది చాలాసార్లు ఆ ఫైలు కాదు, అది కోరే విజువల్ సీ++ రన్‌టైమ్ అన్నది గుర్తుంటే గంటలు మిగులుతాయి.

శుభ్రం చేసే పని మిగిలే ఉంటుంది. లోడ్ అయి ఉన్న డీఎల్ఎల్‌ను విండోస్ చెరపనివ్వదు, కాబట్టి ముగింపులో చెరపాలని పట్టుబట్టకుండా, మరుసటి ప్రారంభంలో పాత హ్యాష్ ఫోల్డర్లను చెరపబోయి, కుదరకపోతే ఊరుకోవాలి.

ఈ పనులలో కొంత భాగాన్ని ఫోడీ (బిల్డ్ సమయంలో అసెంబ్లీని సవరించే సాధనం) మీద నడిచే కాస్ట్యూరా చేసిపెడుతుంది; విండోస్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లకు అది తీరైన సాధనమే. అసెంబ్లీలను ఒకటిగా కలిపే ఐఎల్‌మెర్జ్ నేటివ్ ఫైళ్లను కలపలేదు, అది మేనేజ్డ్ అసెంబ్లీలకే పరిమితం.

ఇన్ని చిక్కులున్నా ఈ దారి తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది, అదే ముందు వదిలిన ప్లగిన్ సంగతి: హోస్ట్ మనది కాదు, అది ఒకే డీఎల్ఎల్‌ను స్వీకరిస్తుంది, లేదా ఫోల్డర్‌లోని ప్రతి డీఎల్ఎల్‌నూ ప్లగిన్ అనుకొని తెరవబోయి నేటివ్ ఫైలు మీద తడబడుతుంది. అలాంటి చోట పొదగడమే సరైనది. తక్కినచోట్ల, కేవలం ఫోల్డర్ చూడముచ్చటగా ఉంటుందని దీన్ని ఎంచుకోవడం నాకు సమంజసంగా తోచదు.

నిజంగా ఒకే ఫైలు అయ్యేవి

సీ++/సీఎల్ఐలో రాసిన మిక్స్‌డ్ మోడ్ అసెంబ్లీలో ఐఎల్ కోడ్, నేటివ్ కోడ్ ఒకే పీఈ (విండోస్ ఎగ్జిక్యూటబుళ్లు, డీఎల్ఎల్‌ల ఫార్మాట్) ఫైలులో పక్కపక్కన ఉంటాయి, స్టాటిక్ లైబ్రరీని దానిలోకే లింక్ చేయవచ్చు. దాన్ని విండోస్ లోడర్ మామూలు డీఎల్ఎల్‌లాగే తీసుకుంటుంది కాబట్టి విప్పే పని ఉండదు. క్లాసులు, టెంప్లేట్లు దట్టంగా ఉన్న సీ++ ఇంటర్‌ఫేస్‌ను సీ ఫంక్షన్లుగా పరచడం కంటే ఇది హాయి. అయితే ఇది విండోస్‌కే పరిమితం, ప్రతి ఆర్కిటెక్చర్‌కూ విడి బిల్డ్ కావాలి, బైట్ల అరే నుంచి లోడ్ కాదు. పైగా డాట్‌నెట్ కోర్ 3.1 నుంచి దీనికి మద్దతు ఉన్నా, ఐజేడబ్ల్యూహోస్ట్ అనే చిన్న డీఎల్ఎల్ పక్కన ఉండి తీరాలి. ఒక్క ఫైలు కోసమే ఈ దారి పట్టినవారికి అది కొంత నిరాశే.

డాట్‌నెట్ 7తో 2022లో వచ్చిన నేటివ్ ఏఓటీ (ప్రోగ్రామ్ మొత్తాన్ని ముందుగానే మెషిన్ కోడ్‌గా మార్చే పద్ధతి) ఈ కోరికను అన్నిటికంటే నిజాయితీగా తీరుస్తుంది. స్టాటిక్ లైబ్రరీని ప్రాజెక్ట్ ఫైలులో నేటివ్‌లైబ్రరీ ఐటమ్‌గా చేర్చి, డైరెక్ట్‌పీఇన్వోక్ అని ఆ పేరును ప్రకటిస్తే, డీఎల్ఎల్‌ఇంపోర్ట్ కాల్స్ లింకర్ దగ్గరే పరిష్కారమైపోతాయి. నడిచేటప్పుడు వెతకడమూ లేదు, విప్పడమూ లేదు. కానీ ఇది చివరి అప్లికేషన్ రాసేవారి నిర్ణయం, మధ్యలో లైబ్రరీ ఇచ్చేవారిది కాదు. నడిచేటప్పుడు కొత్త అసెంబ్లీలు లోడ్ చేయడం, అక్కడికక్కడ కోడ్ పుట్టించడం వంటివాటి మీద ఆధారపడే ప్రోగ్రామ్‌లకు ఇది పనికిరాదు.

ఇక పీఈ ఫైలును తామే విడదీసి, మెమొరీలో పరిచి, లోడర్ పనిని స్వయంగా అనుకరించే కోడ్‌లు కూడా వాడుకలో ఉన్నాయి. థ్రెడ్ లోకల్ స్టోరేజ్, ఎక్సెప్షన్ పట్టికలు, మాడ్యూల్‌ను పేరుతో వెతికే ఏపీఐలు, డీబగ్గర్ సింబల్స్, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తప్పక దెబ్బ తింటుంది. ప్రొడక్షన్‌లో వాడవద్దు. లినక్స్‌లో దీనికి దగ్గరగా ఉన్నా మర్యాదైన ఉపాయం ఒకటుంది: 2014 నాటి 3.17 కెర్నల్ నుంచి ఉన్న మెమ్‌ఎఫ్‌డీ_క్రియేట్‌తో మెమొరీలోనే ఒక ఫైలును సృష్టించి, ప్రాక్ ఫైల్ సిస్టమ్‌లో దానికి దక్కే పాత్‌ను డీఎల్‌ఓపెన్‌కు ఇవ్వడం. అక్కడ కూడా లోడర్ చూసేది ఫైలునే అని గమనించండి.

పాత ఫ్రేమ్‌వర్క్‌లో గ్లోబల్ అసెంబ్లీ క్యాష్‌లో (ఒక మెషిన్‌లోని ప్రోగ్రామ్‌లన్నీ పంచుకునే అసెంబ్లీల చోట) పెట్టవలసిన అసెంబ్లీ ఉన్నవారికి మరొక మాట. సీ# కంపైలర్‌లోని లింక్‌రిసోర్స్ ఆప్షన్‌తో నేటివ్ ఫైలును అసెంబ్లీ మ్యానిఫెస్ట్‌లో నమోదు చేస్తే, అసెంబ్లీని క్యాష్‌లో చేర్చినప్పుడు ఆ ఫైలు కూడా వెంట వెళ్తుంది. ఆ అవసరం లేనివారు దీన్ని మరచిపోవచ్చు.

ఏ దారి పట్టినా, ముఖ్యంగా రిసోర్స్‌గా పొదిగినప్పుడు, ఒక తలుపు తెరిచి ఉంచమని నా సలహా: ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ గానీ కాన్ఫిగరేషన్ విలువ గానీ పాత్ ఇస్తే, విప్పడం మానేసి అక్కడి ఫైలునే రిజాల్వర్ లోడ్ చేయాలి. రాయడానికి చోటు లేని కంటైనర్‌లో నడిపేవారు నేటివ్ ఫైలును ఇమేజ్‌లోనే ముందుగా పెట్టుకోగలుగుతారు, సెక్యూరిటీ బృందం తాము పరిశీలించిన బిల్డ్‌ను వాడుకోగలుగుతుంది, లైబ్రరీని మార్చుకునే వీలు యూజర్‌కు ఉండాలని కోరే ఎల్‌జీపీఎల్ వంటి లైసెన్సుల విషయంలో కూడా ఇది అక్కరకు వస్తుంది. రిజాల్వర్‌లో దీనికి పట్టేది మూడు నాలుగు లైన్లు. లోడ్ అయిన ఫైలు పూర్తి పాత్‌ను లాగ్‌లో ఒక లైనుగా రాయడం కూడా అక్కడే చేర్చండి.